హెర్నియా ఆపరేషన్ అయి నాలుగు నెలలు, గజ్జలో బాధ ఇంకా వదలట్లేదు

గోరువంక

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఎడమ గజ్జలో హెర్నియాకి నాలుగు నెలల కిందట ఓపెన్ ఆపరేషన్ అయింది, మెష్ పెట్టారు, అంటే బలహీనమైన చోట ఆసరాగా వల లాంటిది. గాయం చక్కగా మానింది. చీము లేదు, వాపు లేదు. పన్నెండో రోజుకే ఆఫీసుకి వెళ్లాను. అందరూ అదృష్టవంతుడివన్నారు.

కానీ ఆ గజ్జ నాది కానట్టుగా ఉంటోంది. పొద్దున లేవగానే బాగానే ఉంటుంది. కుర్చీలో ఓ గంట కూర్చుని లేచానంటే లోపల తాడు కట్టి ఎవరో గుంజినట్టు ఉంటుంది. నాలుగడుగులు వంగి నడిస్తే గానీ సర్దుకోదు. అదొక్కటే కాదు. గాటుకి కింద, తొడ మొదట్లో ఒకచోట బట్ట తగిలినా చురుక్కుమంటుంది. దాని పక్కనే చర్మం మొద్దుబారిపోయి ఉంది. గిల్లినా తెలీదు. మొద్దుబారిన చోటే మంట ఎలా పుడుతుందో నాకు అర్థం కావట్లేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరుగారి దగ్గరికి రెండుసార్లు వెళ్లాను. దగ్గమని, చేత్తో నొక్కి చూసి, హెర్నియా మళ్లీ రాలేదు, అంతా బాగుంది అన్నారు. రెండోసారి వెళ్లినప్పుడు దాని గురించి ఆలోచించడం మానెయ్యమన్నారు. ఆయన మంచివారే. కానీ ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మూడేళ్ల పాప ఉంది నాకు. ఎత్తుకోమని చేతులు చాస్తే ముందు గజ్జ గుర్తొస్తోంది, తర్వాతే పాప.

ఇలా ఇంకెవరికైనా ఉందా? ఎన్నాళ్లకి తగ్గింది? అసలు తగ్గిందా?

నడకదారి

తమ్ముడూ, నాకు రెండువైపులా అయింది. కుడివైపు తొమ్మిదేళ్ల కిందట ఓపెన్, ఎడమవైపు మూడేళ్ల కిందట లాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది. నీ ప్రశ్నకి సూటిగా జవాబు: తగ్గింది. కుడివైపుకి దాదాపు పది నెలలు పట్టింది.

ఒక రోజున తగ్గిపోయిందని చెప్పలేను. మొదట్లో రోజంతా ఉండేది. తర్వాత సాయంత్రాలకి వచ్చింది. ఆ తర్వాత ఎక్కువ పని చేసిన రోజుల్లోనే. ఒకసారి రాత్రి పడుకునే ముందు, ఇవాళ గజ్జ సంగతే గుర్తురాలేదే అనుకున్నాను. మర్నాడు మళ్లీ వచ్చింది, అది వేరే విషయం. అలా వస్తూ పోతూ, వచ్చే రోజులు పలచబడ్డాయి.

గాటు కింద వేలితో తడిమితే గట్టిగా తాడులాంటిది తగిలేది నాకు. కొత్త హెర్నియా ఏమోనని రాత్రిళ్లు నిద్రపోలేదు. మానే క్రమంలో ఏర్పడే గట్టి కండ అట అది. నెలలు గడిచేకొద్దీ మెత్తబడింది. నీకూ అది ఉంటే భయపడకు. అయితే నిలబడి దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేదేదైనా కనిపిస్తే మాత్రం చూపించుకోవాలి.

తెల్లమబ్బు

నాకూ ఉందండీ. ఆడవాళ్లకి హెర్నియా ఏంటి అని చాలామంది అడిగారు నన్ను. ఆడవాళ్లకీ వస్తుంది, పైగా ఆపరేషన్ తర్వాత నొప్పి మిగిలే అవకాశం మాకే కాస్త ఎక్కువని నా డాక్టరమ్మ ముందే చెప్పారు.

నాది లాపరోస్కోపీ. గజ్జలో ఏమీ లేదు, తొడ బయటివైపు మంట. అరచేయంత మేర వేడినీళ్లు పోసినట్టు. మొదట్లో నడుంనొప్పి వల్ల అనుకుని నడుముకి మందు రాసుకుంటూ కూర్చున్నాను. తొడ బయటి చర్మానికి వెళ్లే నరం ఒకటి ఉందట, లోపల మెష్‌ని బిగించే పిన్నుల దగ్గర అది ఒత్తుకుపోవచ్చట. నాకు ఆరో నెలకి మంట పోయింది, కాస్త మొద్దుబారడం మాత్రం మిగిలింది. ఆ మొద్దుతో నాకే ఇబ్బందీ లేదు.

ఒంటిచెట్టు

నేను వేరే మాట చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. టైం పడుతుంది, టైం పడుతుంది అని నన్ను రెండేళ్లు తిప్పారు. రెండేళ్లు! ఆ రెండేళ్లలో కూర్చుని చేసే ఉద్యోగం పోయింది. చివరికి మెష్ తీయించుకున్నాను. గోరువంక గారూ, మెష్ ఒంటికి పడకపోతే అది ఉన్నంతకాలం నొప్పి పోదు. మొహమాటపడి కాలం గడపకండి.

తీరం

సర్జరీ వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను, ఇప్పుడు ఔట్ పేషెంట్ విభాగంలో ఉన్నాను. డాక్టర్ని కాదు. నాకు తెలిసినంత రాస్తాను.

ముందుగా గోరువంక గారికి. మీది ఊహ కాదు, మీరొక్కరే కాదు. హెర్నియా నిపుణులు అంతర్జాతీయంగా కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆపరేషన్ అయి మూడు నెలలు దాటాక కూడా రోజువారీ పనులకి అడ్డొచ్చే నొప్పి ఉంటే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. నూటికి 10 నుంచి 12 మందికి ఇలా ఉంటుందని అందులో ఉంది. పనిచేసుకోలేనంత తీవ్రంగా ఉండేది 0.5 నుంచి 6 శాతం మందికి. అంటే మా దగ్గరికి వచ్చే ప్రతి పదిమందిలో ఒకరు మీలాంటివారే. అలాంటప్పుడు ఆలోచించడం మానెయ్యమనడం జవాబు కాదు.

మొద్దూ మంటా ఒకచోటే ఎలా ఉంటాయని అడిగారు. గజ్జ దగ్గర మూడు సన్నటి నరాలు పోతాయి. ఇలియో ఇంగ్వైనల్, ఇలియో హైపోగ్యాస్ట్రిక్, జెనిటో ఫెమొరల్ నరంలో ఒక కొమ్మ. దారమంత సన్నగా ఉంటాయి. గాటు పెట్టేటప్పుడు తెగవచ్చు, కుట్టులో పడవచ్చు, మెష్ అంచు కింద ఒత్తుకోవచ్చు, లేదా చుట్టూ మచ్చ కట్టి బిగుసుకోవచ్చు. నరం దెబ్బతింటే అది చూసుకునే చర్మం నుంచి కబురు మెదడుకి సరిగ్గా చేరదు. అందుకే మొద్దు. అదే నరం దెబ్బతిన్న చోట తనంతట తను తప్పుడు కబురు పంపుతూ ఉంటుంది. అందుకే మంట. రెండూ ఒకే నరం పని.

కూర్చుని లేచినప్పుడు గుంజడం వేరే జాతి నొప్పి. అది సాధారణంగా మెష్ చుట్టూ కట్టిన మచ్చది, కండరానిది. చూస్తుంటే మీకు రెండూ కలిసి ఉన్నట్టున్నాయి. డాక్టరుగారికి మీరు "నొప్పిగా ఉంది" అని ఒక్కమాటలో చెప్పారా, లేక ఇక్కడ రాసినంత వివరంగా చెప్పారా?

గోరువంక

నిజం చెప్పాలంటే, ఒక్కమాటలోనే చెప్పాను. లోపలికి వెళ్లగానే అన్నీ మర్చిపోతాను. బయట ఇంకో ఇరవైమంది ఉంటారు.

తీరం

అక్కడే జారిపోతోందండీ. రెండు వారాలు ఒక పుస్తకం పెట్టుకోండి. ఎక్కడ, ఎలాంటిది, ఏం చేస్తే వచ్చింది, ఎంతసేపుంది, పదిలో ఎంత. రోజుకి రెండు ముక్కలు చాలు. బట్ట తగిలితే చురుక్కుమనే చోటు చుట్టూ పెన్నుతో గీసి ఫోటో తీసుకోండి. మొద్దుబారిన మేరని వేరే రంగుతో గీయండి. ఆ బొమ్మ చూస్తే ఏ నరమో చాలావరకు చెప్పేయగలరు. ఇలియో ఇంగ్వైనల్ అయితే తొడ లోపలి మొదలు, మర్మావయవం మొదట్లో. ఇలియో హైపోగ్యాస్ట్రిక్ అయితే కాస్త పైన, పొత్తికడుపు కింద. మూడోదైతే వృషణం దాకా పాకుతుంది.

ఒంటిచెట్టు గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. రెండేళ్లు తిప్పడం తప్పే. అయితే మెష్ తీసెయ్యడం మొదటి మెట్టు కాదు, చిట్టచివరిది. మీకు ఏం చేశారో కాస్త వివరంగా రాస్తారా? చదివేవాళ్లకి పనికొస్తుంది.

ఒంటిచెట్టు

రాస్తాను. నా మొదటి ఆపరేషన్‌కి ముందే నొప్పి చాలా ఎక్కువగా ఉండేది. అయ్యాక మొదటి వారం నిద్రే లేదు. ఇవి రెండూ తర్వాత నొప్పి మిగలడానికి సూచనలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరో ఒకరు ఆ మొదటి నెలలోనే పట్టించుకుని ఉంటే నా కథ ఇంకోలా ఉండేదేమో.

రెండో ఏడాది చివర్లో నొప్పి వైద్యుల దగ్గరికి పంపారు. అక్కడ స్కానింగులో చూస్తూ నరం పక్కన మత్తు సూది వేశారు. అయిదు గంటలు నాకు నొప్పి లేదు. రెండేళ్లలో మొదటిసారి. బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సూది రెండోసారి, మూడోసారి వేశారు, ఆగింది కొద్దిరోజులే. అప్పుడు మూడు నరాలూ కత్తిరించి, మడతపడి ముద్దైపోయిన మెష్‌ని తీశారు. అదంతా కండలో కలిసిపోయి ఉండటంతో చాలాసేపు పట్టింది. రక్తనాళాలకి దెబ్బతగిలితే వృషణం పోవచ్చు, హెర్నియా మళ్లీ రావచ్చు అని ముందే సంతకం పెట్టించుకున్నారు.

ఇప్పుడు నొప్పి పదిలో ఎనిమిది నుంచి రెండుకి వచ్చింది. ఆ పక్కంతా శాశ్వతంగా మొద్దు. ఆ వైపు వృషణం కాస్త కిందికి జారి ఉంటుంది, దాన్ని పైకి లాగే కండరానికి వెళ్లే నరం కూడా తెగిపోయింది కాబట్టి. ఇవన్నీ తెలిసే ఒప్పుకున్నాను. మళ్లీ చేయమన్నా ఒప్పుకుంటాను. నాలుగో నెలలోనే మెష్ తీయించుకోమని మాత్రం చెప్పకూడదు, పైన తొందరపడి రాశాను. నేను చెప్పదలుచుకున్నది, తిప్పనివ్వకండి అని. అంతే.

కొత్తచిగురు

ఇదంతా చదివి వణుకు పుడుతోంది. వచ్చే నెల నాకు ఆపరేషన్. మెష్ లేకుండా చేయించుకోవచ్చా?

తీరం

చేయించుకోవచ్చు, కానీ మెష్ లేకపోతే నొప్పి ఉండదనుకోకండి. 1880లలో ఇటలీ సర్జన్ బస్సీనీ కండరాలని దగ్గరికి లాగి కుట్టే పద్ధతి తెచ్చారు. వందేళ్లపాటు దాన్నే రకరకాలుగా మార్చి చేశారు. లాగి కుట్టడం వల్ల కుట్లు తెగి హెర్నియా తిరిగి రావడం ఎక్కువగా ఉండేది. నరాలు అప్పుడూ కుట్లలో పడేవి. 1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ బృందం లాగకుండా మెష్ పరిచే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాక తిరిగి రావడం బాగా తగ్గింది. మెష్ లేని పద్ధతుల్లో షౌల్డైస్ పద్ధతి ఇప్పటికీ మంచిదే, అయితే అది బాగా చేయి తిరిగినవాళ్లే చెయ్యాలి.

మీరు మీ సర్జన్ని అడగాల్సినవి ఇవి. మీకు ఓపెన్ మంచిదా, లాపరోస్కోపీ మంచిదా? నొప్పి విషయంలో లాపరోస్కోపీది కాస్త పైచేయి, ఆ పని తరచూ చేసే సర్జన్ అయితేనే. ఓపెన్ అయితే మూడు నరాలనీ గుర్తించి కాపాడతారా? మీకు ఇప్పుడే నొప్పి ఎక్కువగా ఉంటే అది తప్పక చెప్పండి. పదిమందిలో తొమ్మిదిమంది ఇలాంటి చర్చల్లో రాయరు, వాళ్లు మామూలుగా తమ పనుల్లో ఉంటారు. అదీ గుర్తుపెట్టుకోండి.

మెట్లబావి

ఫిజియోథెరపిస్టుని. గోరువంక గారి పోస్టులో నన్ను ఆపింది ఒక్క వాక్యం, "నాలుగడుగులు వంగి నడిస్తే".

నొప్పికి భయపడి ఒళ్లు తెలియకుండానే ఆ పక్కని కాపాడుకోవడం మొదలుపెడుతుంది. తుంటి ముందు భాగపు కండరం ముడుచుకుపోతుంది, పొట్ట బిగబట్టి ఉంచుతారు, ఊపిరి పైపైనే తీస్తారు. నాలుగు నెలలు ఇలా సాగితే ఆ బిగుతే కొత్త నొప్పి అవుతుంది. నరం నొప్పికి నేను చేసేది తక్కువే గానీ ఈ బిగుతుకి చాలా చేయొచ్చు.

అరగంటకోసారి లేవండి. గంట కూర్చుని లేస్తే పట్టేస్తోందంటున్నారు కదా, పట్టేసేదాకా ఆగకండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పొట్ట పైకి లేచేలా నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, పొద్దునా రాత్రీ అయిదేసి నిమిషాలు. గాయం పూర్తిగా మానింది కాబట్టి మచ్చ మీద రెండు వేళ్లతో అటూ ఇటూ చర్మం కదిలేలా మర్దన చేయొచ్చు. బట్ట తగిలితే చురుక్కుమనే చోట మొదట మెత్తటి దూదితో, కొన్నాళ్లకి నూలు గుడ్డతో, ఆ తర్వాత గరుకు తువ్వాలుతో రోజూ రెండు మూడు నిమిషాలు రాయండి. తాకిడి ప్రమాదం కాదని ఆ చోటికి మళ్లీ నేర్పాలి.

పాప విషయం. ఎత్తుకోండి. ముందు కుర్చీలో కూర్చుని ఒళ్లోకి ఎక్కించుకోండి, ఆ తర్వాత ఆమెని మంచం మీద నిలబెట్టి ఎత్తుకోండి, చివరగా నేల మీంచి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదులుతూ ఎత్తాలి. నాలుగు నెలలకి మెష్ బాగానే అతుక్కుని ఉంటుంది, పాపని ఎత్తుకుంటే ఊడిపోదు.

ఇంకో మాట. గజ్జలో నొప్పంతా హెర్నియాది కాకపోవచ్చు. సాక్సు వేసుకోవడానికి కాలు మడిచినప్పుడో, కాలు లోపలికి తిప్పినప్పుడో లోతుగా నొప్పి వస్తే తుంటి కీలు చూపించాలి. రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టి గట్టిగా నొక్కితే వస్తే తొడ లోపలి కండరం. నడుము పైభాగపు పూసల దగ్గర నరం ఒత్తుకున్నా, మూత్రనాళంలో రాయి ఉన్నా గజ్జలోకే పాకుతుంది.

వెన్నెలవాకిలి

నేను పేషెంటుని కాదు, పేషెంటు భార్యని. ఇక్కడ ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తున్నాను.

ఆపరేషన్ అయ్యాక మావారు నాకు దూరంగా ఉండటం మొదలుపెట్టారు. నెలలు గడిచాయి. నా మీద ఇష్టం పోయిందేమో అనుకుని లోలోపల కుమిలిపోయాను. ఎనిమిదో నెలలో ఒక రాత్రి చెప్పారు, కలిసినప్పుడు చివర్లో గజ్జ నుంచి వృషణం దాకా కత్తితో కోసినట్టు నొప్పి వస్తోందని. సిగ్గుపడి నాకూ చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. ఎనిమిది నెలలు ఒకే మంచం మీద ఇద్దరం వేరువేరుగా బాధపడ్డాం.

తర్వాత వెళ్లి చెబితే ఆ డాక్టరుగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు, ఇది తెలిసిన విషయమే, వీర్యనాళం ఆ మెష్ పక్కనుంచే పోతుంది అన్నారు. మందులు రాశారు, వృషణం దగ్గర అల్ట్రాసౌండ్ తీయించారు. ఇప్పుడు చాలా నయం. దయచేసి మగవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇంట్లో చెప్పండి.

గోరువంక

అమ్మా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. మా ఇంట్లోనూ ఇదే. ఇవాళ చెప్తాను.

నడకదారి

వెన్నెలవాకిలి అమ్మా, నువ్వు రాసినది ఎందరికో మేలు చేస్తుంది. తొమ్మిదేళ్ల కిందట ఇలాంటి మాట ఎవరూ నాకు చెప్పలేదు.

గోరువంక (మూడు వారాల తర్వాత)

పుస్తకం రాశాను. తీరం గారూ, మీరు చెప్పినట్టు బొమ్మ గీశాను, ఫోటో తీశాను.

రాస్తుంటే నాకే కొన్ని తెలిశాయి. గుంజుడు కూర్చున్న దాదాపు నలభై నిమిషాలకి మొదలవుతోంది, బెల్టు బిగుతుగా ఉన్న రోజుల్లో ఇంకా ముందే. ముక్కిన రోజున, అంటే మలబద్ధకం ఉన్న రోజున, సాయంత్రం దాకా సలుపు. చురుకు మాత్రం వీటితో సంబంధం లేకుండా ఉంది, నాణెమంత చోటు, ఎప్పుడూ అదే. నడిచిన రోజుల్లో మంచిగా ఉంది. నేనేమో నడవడం తగ్గించేశాను ఇన్నాళ్లూ.

వేరే సర్జన్ దగ్గరికి వెళ్లాను. పుస్తకం, ఫోటో ముందు పెట్టాను. ఆయన ఫోటో చూసి కుర్చీ ముందుకి జరుపుకున్నారు. అప్పుడే నాకు సగం భారం దిగింది. నిలబెట్టి దగ్గిస్తూ అల్ట్రాసౌండ్ తీశారు, హెర్నియా తిరిగి రాలేదు. తుంటిని తిప్పి చూశారు, బాగుంది. ఆ నాణెమంత చోట వేలితో తట్టగానే తొడలోకి కరెంటు షాక్ కొట్టినట్టు పాకింది. ఇలియో ఇంగ్వైనల్ నరం అనుకుంటున్నామన్నారు.

వచ్చే వారం మత్తు సూది. ముందుగా నరాల నొప్పికి గాబాపెంటిన్ మాత్ర మొదలుపెట్టారు, తక్కువ మోతాదుతో, మెల్లగా పెంచుతారట. మొదటి మూడు రోజులు తల తిరిగినట్టు ఉండి నిద్ర ముంచుకొచ్చింది, ఇప్పుడు అలవాటైంది.

తెల్లమబ్బు

ఆ మాత్ర నేనూ వాడానండీ. తగ్గిందని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపెయ్యకండి, అదీ మెల్లగానే తగ్గించాలి. బండి నడిపే ముందు మీకెలా ఉందో చూసుకోండి.

ఒంటిచెట్టు

సూది వేసిన రోజు సెలవు పెట్టండి. మత్తు పనిచేసే ఆ కొన్ని గంటల్లో మామూలుగా నొప్పి తెప్పించే పనులన్నీ చేసి చూడండి, కూర్చోండి, లేవండి, బెల్టు పెట్టుకోండి, మెట్లెక్కండి. ఏది పోయింది, ఏది మిగిలింది రాసుకోండి. పోయింది నరానిది. నేను పడుకుని ఆ అయిదు గంటలూ అనుభవించాను, డాక్టరు అడిగితే సగం చెప్పలేకపోయాను.

గోరువంక (పది రోజుల తర్వాత)

ఒంటిచెట్టు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ఆరు గంటలు చురుకు పూర్తిగా పోయింది. చొక్కా అంచుతో, తువ్వాలుతో, బెల్టుతో రుద్ది చూశాను, ఏమీ లేదు. కానీ కూర్చుని లేచినప్పటి గుంజుడు అలాగే ఉంది, కొంచెం కూడా తగ్గలేదు. మొదట నిరాశపడ్డాను. డాక్టరుగారు మాత్రం ఇదే కావాల్సిన జవాబు అన్నారు. చురుకు నరానిది, గుంజుడు మచ్చదీ కండరానిదీ. రెండింటికీ ఒకే మందు వెతకడం వల్లే ఇన్నాళ్లూ దారి దొరకలేదు. నరానికి స్టెరాయిడ్ కలిపిన సూది ఇంకోసారి వేస్తారు, గుంజుడికి ఫిజియో.

నరం కత్తిరించడం గురించి అడిగాను. ఆపరేషన్ అయి కనీసం ఆర్నెల్లు, వీలైతే ఏడాది గడవాలి, సూదులూ మాత్రలూ అన్నీ అయిపోవాలి, అప్పుడు మాట్లాడుకుందాం అన్నారు. చాలామందికి అక్కడిదాకా రాదన్నారు.

కొత్తచిగురు

నాకు ఆపరేషన్ అయి తొమ్మిది రోజులు. లాపరోస్కోపీ. నరాల గురించి అడిగితే సర్జన్ పావుగంట బొమ్మ గీసి చెప్పారు. ఇప్పుడు గజ్జలో నిమ్మకాయంత గట్టి వాపు ఉంది, నొప్పి లేదు. కంగారుపడాలా?

తీరం

చాలావరకు నీరు చేరడం అయి ఉంటుంది. హెర్నియా సంచి ఖాళీ చేసిన చోట నీరు నిలుస్తుంది, కొన్ని వారాల్లో తనంతట తనే ఇంకిపోతుంది. సూదితో లాగించుకోవద్దు, ఇన్ఫెక్షన్ రావచ్చు. అయినా మీ సర్జన్‌కి ఫోన్ చేసి చెప్పండి, చూసి చెప్పడం వేరు, చదివి చెప్పడం వేరు.

కంగారుపడాల్సినవి వేరే ఉన్నాయి. జ్వరంతో గాయం ఎర్రబడి చీము పట్టడం, వృషణం ఉన్నట్టుండి బాగా వాచి నొప్పిపెట్టడం, మూత్రం రాకపోవడం, గట్టి ఉబ్బు లోపలికి పోకుండా నొప్పిపెడుతూ వాంతులు కావడం, గాలి కూడా పోకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఇక్కడ రాయకండి, రాత్రైనా సరే ఆసుపత్రికి వెళ్లండి.

గోరువంక (మూడు నెలల తర్వాత)

చాలా రోజులైంది. ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. మొత్తం మూడు సూదులు పడ్డాయి. మొదటి దాని మందు ఆరు గంటలే పనిచేసింది, రెండోది నెల, మూడోది ఇప్పటికీ పనిచేస్తోంది. చురుకు పదిలో ఆరు ఉండేది, ఇప్పుడు ఒకటో రెండో. మాత్ర సగానికి తగ్గించారు. మొద్దు అలాగే ఉంది.

గుంజుడు పూర్తిగా పోలేదు. మెట్లబావి గారి ఊపిరి కసరత్తు వదలకుండా చేస్తున్నాను. మొదటి నెల ఏమీ తెలియలేదు, మానేద్దామనుకున్నాను. రెండో నెలలో ఒక మీటింగు గంటన్నర సాగింది, లేచి నడిచి తలుపు దాకా వెళ్లాక గమనించాను, వంగలేదని. చలిగా ఉన్న పొద్దుటి పూట, ముక్కిన రోజున ఇంకా వస్తుంది.

నా భార్యకి చెప్పాను, ఆ రోజే. ఎక్కువ రాయలేను.

పాపని మంచం మీంచి ఎత్తుకుంటున్నాను. నేల మీంచి ఇంకా మొదలుపెట్టలేదు.

మెట్లబావి

నేల మీంచి మొదలుపెట్టొచ్చు. ఒక కాలు ముందుకి వేసి, మోకాలు మడిచి, పాపని బాగా దగ్గరికి తీసుకున్నాకే లేవండి. ఊపిరి వదులుతూ.

గోరువంక (మర్నాడు)

రెండుసార్లు ఎత్తాను. రెండోసారి దింపనివ్వలేదు.